‘జ్ఞా’ అంటే జడుసుకున్న ఫోను

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచాన్నంతటినీ హడలగొట్టింది. మీకు జ్ఞాపకం వుందో లేదో. ‘జ్ఞాపకం’ అన్నాను కదూ, అందులో మొదటి అక్షరమే! ఎవరైనా ఈ ‘జ్ఞా’ని ఐఫోనుకి పంపిస్తే, ఆ మెసేజీ చూపించాల్సిన యాప్ టక్కున మూతబడిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూత. ఒక్కొక్కరికైతే ఫోను ఫోనే మూర్ఛ వచ్చినట్టు పడటం, లేవటం, మళ్ళీ పడటం. లక్ష రూపాయల దాకా పోసి కొన్న ఫోన్లు మన గుణింతం ముందర గజగజలాడిపోయాయి.

మనం మామూలుగా రాసే ‘జ్ఞా’ కాదు లెండి. ఆ అక్షరం మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి దూరినప్పుడే ఈ తంటా. ‘ఈ రెంటినీ కలపొద్దు’ అని యంత్రానికి చెప్పే గుర్తు అది. ఫిబ్రవరి 19న ఆపిల్ కంపెనీవారు 11.2.6 అని నెంబరు వేసి ఒక సవరణ పంపించి గండం గట్టెక్కించారు. అంతవరకూ బాగానే వుంది. నాకు కడుపు మండిందెక్కడంటే, ఆ నాలుగు రోజులూ పత్రికలవాళ్ళు రాసిన తీరు దగ్గర. ఐఫోన్లని కూలదోసే అక్షరమట! బాంబు అన్నవాళ్ళు కూడా వున్నారు. గుమ్మం కురచగా పెట్టుకుని, తల కొట్టుకున్న చుట్టాన్ని ‘నువ్వింత పొడుగెందుకు పెరిగావయ్యా’ అని తిట్టినట్టుంది.

తిక్కన సోమయాజి పదమూడో శతాబ్దంలో మా నెల్లూరులో వుండి భారతం పదిహేను పర్వాలు తెనిగించాడు. అందులో ఎన్ని ‘జ్ఞా’లు వచ్చి వుంటాయో లెక్కపెట్టండి! తాటాకు చిరగలేదు, గంటం విరగలేదు. మరి ఈ కాలపు యంత్రానికేం వచ్చింది?

ఏం వచ్చిందో చెబుతాను, బెదిరిపోకండి. ముగ్గు వెయ్యడం చేతనయిన వాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. కంప్యూటరుకి గానీ ఫోనుకి గానీ అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అంచేత 1991లో యూనికోడ్ అని ఒక పట్టీ వేసి, లోకంలోని లిపులకి వరసగా నెంబర్లిస్తూ వచ్చారు. ఆ మొదటి పట్టీలోనే మన తెలుగూ వుంది. ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ నెంబరు 65. మన ‘జ’ నెంబరు 3100, పొల్లు 3149, ‘ఞ’ 3102, దీర్ఘం 3134. ఇంగ్లీషు అక్షరాలు గోడకి ఇటుకలు పేర్చినట్టు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. మనవి అట్లా కాదే! నాలుగు చుక్కలు పెట్టి ఒకే మెలికతో చుట్టే ముగ్గు మన ‘జ్ఞా’. పైన గుణింతం, కింద వత్తు, పక్కన దీర్ఘం. ఆ నాలుగు నెంబర్లనీ చూసి, ఏది పైకి పోవాలో, ఏది కిందికి జారాలో తేల్చుకుని, ఒక్క బొమ్మగా గీసే పని సాఫ్ట్‌వేరుది. ఆ మెలిక దగ్గరే అది కాలు మడతబడి బోర్లాపడింది. అటువంటి అక్షరాన్ని అటు తిప్పీ ఇటు తిప్పీ పరీక్షించి చూసిన చెయ్యి ఆ పనిలో లేకపోయిందనే కదా దీనర్థం?

నా దెబ్బలాట ఒక్క కంపెనీతో కాదు. వాళ్ళు వారంలోగా సరిచేశారు, మెచ్చుకోవాలి. నా దెబ్బలాట సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళందరితోనూ. ముఖ్యంగా మనింట్లో పుట్టి, మన పెరుగన్నం తిని, ఆ పనికి వెళ్ళిన పిల్లలతో.

నెల్లూరులో ఏ వీధిలోకైనా వెళ్ళి నాలుగు తలుపులు తట్టండి. రెండిళ్ళల్లోనైనా సాఫ్ట్‌వేరు కొడుకో, కూతురో, అల్లుడో వుంటారు. చెన్నైలోనో, బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో. కావలి నుంచి కృష్ణపట్నం దాకా సముద్రపు వొడ్డు పల్లెల్లో కూడా, రొయ్యల చెరువు మీద వచ్చిన డబ్బుతో పిల్లల్ని ఇంజనీరింగుకి పంపినవాళ్ళు ఎందరు లేరు? మహా మైక్రోసాఫ్ట్ కంపెనీకి 2014లో అధిపతి అయినవాడు హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ళ. ఇంతమంది వున్నాం కదా, మరి అమ్మ చేతిలోని ఫోను అమ్మ భాషలో ఎందుకు మాట్లాడదండీ? అమెరికా వాళ్ళ ఇన్సూరెన్సుకి రాస్తారు, లండను వాళ్ళ బ్యాంకుకి రాస్తారు. వాళ్ళు డబ్బులిస్తారు, రాస్తారు, తప్పులేదు. కానీ మనవాళ్ళ కోసం రాసేటప్పుడు కూడా చిత్తూరు జిల్లా రైతుకీ నెల్లూరు జిల్లా ఇల్లాలికీ లండను దొరసానికి చూపించిన తెరే చూపిస్తే ఎట్లా?

డెస్క్‌టాప్ కంప్యూటరు రోజుల్లో ఈ సంగతి అంతగా తెలియలేదు. అది ఆఫీసులో వుండేది. ఇంట్లో వున్నా ముందు గదిలో, దుమ్ము పడకుండా గుడ్డ కప్పుకుని, అబ్బాయిగారి సొత్తుగా వుండేది. మనం దాని జోలికి పోతే ‘అమ్మా, నువ్వు ముట్టుకోకు’ అనేవాళ్ళు. ఫోను వచ్చాక కథ మారింది. అది పోపుల డబ్బా పక్కకి వచ్చి కూర్చుంది. గ్యాసు బుక్ చెయ్యాలన్నా ఫోనే, కరెంటు బిల్లు కట్టాలన్నా ఫోనే, డ్వాక్రా సంఘం లెక్కలు, మనవడి స్కూలు ఫీజు, ఆస్పత్రి చీటీ, అన్నీ అందులోనే. వాడేది మనం. రాసిన వాళ్ళ మనసులో మాత్రం ఇంకా ఆ ముందు గదిలోని అబ్బాయే వున్నాడు.

చేపలు తెచ్చే అక్క ఒకామె వుంది, మైపాడు వైపు నుంచి వస్తుంది. గంప మీద ఒక అట్టముక్క కట్టుకుంది, డబ్బులు ఫోనులో వేసేందుకు. ఒకరోజు ఫోను నా చేతికిచ్చి, ‘ఏందమ్మా ఇది, ఎర్రంగా ఏందో రాసి ఉండాది, తిడతా ఉందా, చెప్తా ఉందా?’ అని అడిగింది. చూస్తే ఇంగ్లీషులో మెసేజీ. మోసగాళ్ళున్నారు జాగ్రత్త, మీ నెంబరు ఎవరికీ చెప్పకండి, అని! చూశారా విడ్డూరం? ఆమెని దోచుకునే దొంగ ఫోను చేసి చక్కటి తెలుగులో, ‘అమ్మా, అక్కా’ అని వరసలు కలిపి మాట్లాడతాడు. ఆమెని కాపాడవలసిన బ్యాంకు మాత్రం ఇంగ్లీషులో హెచ్చరించి చేతులు దులుపుకుంటుంది. డబ్బు తీసుకోవడానికి పిన్ను నొక్కనక్కర్లేదు, ఇవ్వడానికే నొక్కాలి. ఈ ఒక్క ముక్క, పిన్ను అడిగే తెర మీద పెద్దక్షరాలతో తెలుగులో వుంటే ఎంతమంది ఆడవాళ్ళ మూటలు నిలుస్తాయో ఆలోచించండి. రాయడానికి రెండు నిమిషాలు పట్టదు.

దీని వెనక ఇంకో గమ్మత్తు వుంది. ఫోనుకొచ్చే మెసేజీ ఒక్కదానిలో ఇంగ్లీషైతే 160 అక్షరాలు పడతాయి. తెలుగైతే 70! గుణింతానికొకటి, పొల్లుకొకటి, వత్తుకొకటి లెక్క. మన ‘జ్ఞా’ ఒక్కటే నాలుగు తినేస్తుంది. అంటే ఇంగ్లీషులో ఒక మెసేజీతో పోయే సంగతికి తెలుగులో రెండో మూడో పంపాలి, ఖర్చు అంతకంతా. పైసలు చూసుకునే కంపెనీవాడు ఇంగ్లీషుకే మొగ్గుతాడు. మనం బంగారం కొట్లో తరుగు కింద ఇంతని పోగొట్టుకోవడం ఎరుగుదుం గానీ, మాతృభాషకి కూడా తరుగు వుంటుందని ఈ కాలంలోనే చూస్తున్నాం.

‘తెలుగు పెట్టాం కదండీ, మీరే వాడరు’ అంటారు కొందరు కుర్రాళ్ళు. పెట్టారు నాయనా, చూశాం. హోమ్ అనే చోట ‘ఇల్లు’. సేవ్ అనే చోట ‘కాపాడు’. ఎవర్ని కాపాడాలి, ఏ ఆపదనుంచి? డౌన్‌లోడ్‌కి ‘దిగుమతి’. కృష్ణపట్నం రేవులో ఓడ దిగినట్టు! ఫారం నింపాక ‘సమర్పించు’ అని వస్తుంది, కొబ్బరికాయా పువ్వులూ కూడా పట్టుకురావాలేమో అనిపిస్తుంది. పైగా ఆ నుడికారం చూడండి. ‘నొక్కు’, ‘ఎంచుకో’, ‘తిరిగి ప్రయత్నించు’. అరవై ఏళ్ళ మనిషిని పట్టుకుని అంత నాలుకతో ఏకవచనం! మా వైపు పాలేరుని పిలవాలన్నా ‘అబ్బయ్యా’ అంటాం. ఒక ‘అండి’ చేర్చడానికి ఏం అరిగిపోయిందని? అడిగితే, తెర మీద చోటు చాలదండీ అంటారు. చోటు ఇంగ్లీషు మాట కొలతకి కత్తిరించుకున్నారు, అందుకని మన మర్యాదకి చాల్లేదు.

వాక్యాల సంగతి ఇంకా ఘోరం. వాళ్ళు ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కలు చేసి, మధ్యలో ఖాళీ వుంచి, అక్కడ పేరో అంకెో అతికిస్తారు. మన భాషలో క్రియ చివరికొస్తుంది, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది, ఒకటికీ పదికీ మారుతుంది. అదంతా ఎవరు చూడొచ్చారు? అందుకే ‘లక్ష్మి మీకు ఫోటో పంపాడు’ అనీ, ‘1 సందేశాలు వున్నాయి’ అనీ వస్తాయి. మూడో తరగతి పిల్లాడు రాస్తే టీచరుగారు చెవి మెలేసే తప్పు, కోట్ల మంది వాడే యంత్రంలో దర్జాగా తిరుగుతోంది.

ఇక పేర్ల గోల మొదలెడితే ఇవాళ వంట కాదు. ‘ఫస్ట్ నేమ్’ రాయండి, ‘లాస్ట్ నేమ్’ రాయండి అంటుంది. మనకి ముందొచ్చేది ఇంటిపేరు. అంటే మన లాస్టు ముందుంటుంది, ఫస్టు వెనకుంటుంది! పుట్టింటి ఇంటిపేరుతో పదో తరగతి సర్టిఫికెట్టు, అత్తింటి ఇంటిపేరుతో రేషను కార్డు, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు. ఈ మూడూ కలవలేదని తెర మీద ఎర్ర గీత గీసి కూర్చుంటుంది. తెలుగుదేశంలో ఆడపిల్లకి పెళ్ళయితే పేరు ఎట్లా మారుతుందో, మారకుండా ఎట్లా వుంటుందో, ఆ ఫారం తయారుచేసిన వాళ్ళు వాళ్ళ అమ్మని ఒక్కసారి అడిగి వుంటే సరిపోయేది.

ఇంతకీ ఈ మాత్రం తెలుగైనా యంత్రాల్లోకి ఎట్లా వచ్చిందంటారు? చాలామటుకు ఎవరూ జీతమివ్వని కష్టం వల్ల వచ్చింది. ఒకప్పుడు పత్రికకో ఫాంటు, ప్రెస్సుకో ఫాంటు. ఒకచోట కొట్టిన కథ ఇంకోచోట తెరిస్తే చీమలు పారినట్టు కనిపించేది. 1990ల్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో వున్న తెలుగు కుర్రాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు కొట్టుకునే పద్ధతి ఒకటి అల్లారు. దేశికాచారి గారు ‘పోతన’, ‘వేమన’ అని ఫాంట్లు చేసి వూరికే పంచిపెట్టారు. వీవెన్ అనే ఆయన ‘లేఖిని’ తయారుచేస్తే దాంతో ఎంతమందో మొదటిసారి తెర మీద తెలుగు రాసుకున్నారు. హైదరాబాదులో ‘స్వేచ్ఛ’ వాళ్ళు కంప్యూటరుని మొత్తంగా తెలుగులోనే నడిపించాలని పట్టుబట్టారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వీళ్ళందరికీ వేరే వుద్యోగాలున్నాయి, సంసారాలున్నాయి. రాత్రిళ్ళు కూర్చుని చేశారు. నేను కాదనను, దణ్ణం పెడతాను. కానీ ఒక భాష బతకడం కొందరి రాత్రిళ్ళ నిద్ర మీద ఆధారపడితే ఎన్నాళ్ళు సాగుతుంది? లాభాలు తీసుకునే కంపెనీలు పగలు చెయ్యవలసిన పని కదా అది?

మా జిల్లా పేరే శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. 2008లో పెట్టారు. ఆయన 1952లో 58 రోజులు అన్నం మాని, డిసెంబరు 15న ప్రాణం వదిలితే, మరుసటి అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. వూరికే దొరికే తెలుగు ఫాంట్లలో ఒకదానికి ఆయన పేరే వుంది, బాగుంది. ఆ పేరు గల జిల్లాలో, తెలుగు వాళ్ళ కోసమని వచ్చిన రాష్ట్రంలో, ఇల్లాలు కరెంటు బిల్లు కట్టడానికి కాలేజీ పిల్లాడి కోసం వీధిలోకి తొంగిచూడాలి. బిల్లు కట్టినందుకు ఆ పిల్లాడికి ఆవిడ పిన్ను నెంబరు తెలిసిపోతుంది, ఖాతాలో ఎంతుందో తెలిసిపోతుంది. మొగుడికి చెప్పకుండా నాలుగు డబ్బులు దాచుకోవడం మనకి తరతరాలుగా వచ్చిన విద్య. ఇప్పుడా రహస్యం వీధిలో ఎంతమంది నోళ్ళలో వుందో!

‘ఇంగ్లీషు నేర్చుకోవచ్చుగా’ అంటారా? నేర్చుకుంటాం, ఎవరొద్దన్నారు? కానీ ఒక సంగతి గుర్తుచేస్తాను. 1990లో మా జిల్లాలో అక్షరాస్యతా వుద్యమం మొదలైంది. పొద్దంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రి దీపాల కింద కూర్చుని అక్షరాలు దిద్దారు. వాళ్ళకిచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం వుంది, ఒక వూళ్ళో ఆడవాళ్ళు కలిసి సారా కొట్టు మూయించిన కథ. దూబగుంటలో అది చదివి, రోశమ్మ వంటి వాళ్ళు ముందు నిలబడి, నిజంగానే సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, 1993లో రాష్ట్రంలో సారా బంద్ అయింది. ఆ వాచకం ఇంగ్లీషులో ఇచ్చి, ముందు ఇంగ్లీషు నేర్చుకు రండమ్మా, తర్వాత చదువుదురుగాని అని వుంటే? తెలిసిన మాటల్లో, తమ బాధ తమకి కనబడేట్టు వున్న నాలుగు పేజీలు కాబట్టే పనిచేసింది. ఇవాళ వాచకం స్థానంలో ఫోను వచ్చింది. అందులో రాసేవాళ్ళు ఆ నాలుగు పేజీలు రాసినవాళ్ళ పాటి శ్రద్ధయినా పెట్టరా?

చెయ్యలేకా అంటే, అదీ కాదు. మా సముద్రం మీదికి వెళ్ళే మగవాళ్ళ ఫోన్లు చూడండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థవారు వుపగ్రహాల లెక్కలు చూసి ఏ దిక్కున చేప దొరకొచ్చో, అల ఎంత ఎత్తు లేస్తుందో తెలుగులో కూడా చెబుతున్నారు. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్ళు జాలర్ల కోసం చేసిన యాప్ తెలుగులోనూ వుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ వొడ్డునీ కొట్టింది. ఆ తర్వాత ఎవరికీ అనుమానం లేదు, హెచ్చరిక అర్థం కాకపోతే మనిషి పోతాడని. అందుకని అక్కడ తెలుగు పట్టింది. తెర మీద చోటూ చాలింది, ఖర్చూ కలిసొచ్చింది! అంటే ప్రాణం పోతుందంటే తెలుగు వస్తుంది, ఆడదాని పదివేలు పోతాయంటే మాత్రం ఇంగ్లీషు చాలు. ఆ పదివేలు ఎండలో చేప అమ్మి, రొయ్యల షెడ్డులో నిలబడి తలలు గిల్లి సంపాదించినవి. ఆమెకి అవి ప్రాణం కాదని ఎవరు తేల్చారు?

ఇంకొక మాట. నేను తెలుగు కావాలంటే, ‘సంగణకము’, ‘అంతర్జాల విహారిణి’ అని నూతిలో మాటలు తోడిపొయ్యమని కాదు. అటువంటి పండితుల మీద నాకు కంపెనీల మీద కన్నా ఎక్కువ కోపం. ఫోనుని ఫోను అననివ్వండి, బ్యాంకుని బ్యాంకు అననివ్వండి. ‘ఫోటో ఎక్కించండి’, ‘డబ్బు పంపండి’, ‘ఇంకోసారి చూడండి’, ‘తప్పు పడింది, దిద్దుకోండి’. ఇంతే కదా! పక్కింటి పిన్నిగారికి మనం నోటితో ఎట్లా చెబుతామో అట్లా. ఇప్పుడేమో తర్జుమా చేసే యంత్రాలొచ్చాయి, అవే రాసి పెడతాయి అని కొత్తగా ఒక ధీమా పుట్టింది. రాయనివ్వండి. రాసింది అత్తగారికి అర్థమయిందో లేదో చూసే మనిషి వుండాలా వద్దా? కూర యంత్రమే వండినా వుప్పు చూడటానికి నాలుక కావాలిగా?

అంచేత సంక్రాంతికి పిల్లలు ఇంటికొచ్చినప్పుడు ఒక పని చెయ్యండి. అరిసెలు పెట్టేముందు అడగండి, ‘నువ్వు రాసిందేదైనా మన ఫోనులో వుందా?’ అని. వుంటే, అది తెలుగులోకి మార్చి మీ చేతికివ్వమనండి. మార్చే వీలే లేదంటే అరిసెలు రేపు పెడతానని చెప్పండి. వీలుంటే, వాళ్ళని చేతులు వెనక్కి కట్టుకుని, నోరు మూసుకుని పక్కన నిలబడమనండి. ‘అక్కడ కాదమ్మా, పైన’ అని ఒక్క మాట అనకూడదు. మీరు తాపీగా, అద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క తెరా చదువుకుంటూ పోండి. ఎక్కడ ఆగి ‘ఇదేందిరా’ అంటారో, ఆ చోటు వాళ్ళనే కాగితం మీద రాసుకోమనండి. కాగితం నిండితే ఇంకోటి ఇవ్వండి. పండగ మూడు రోజులుంది కదా.